ఎనభై ఎనిమిదో సెలవు

2011 సెప్టెంబర్ 28, బుధవారం, ఉదయం తొమ్మిది గంటల నలభై నిమిషాలకు మా క్లయింటు నుంచి ఒక మెయిల్ వచ్చింది. మీ కార్యాలయంలో అంటువ్యాధి ఏదైనా ప్రబలిందా, ప్రబలితే దాని పేరేమిటి, ఎంతమంది ఆస్పత్రిలో ఉన్నారు అని అందులో అడిగారు. నేను దాన్ని మూడుసార్లు చదివాను. కిటికీలోంచి చూస్తే కింద మా ఆఫీసు పిల్లలు ఎప్పటిలాగే టీ బండి దగ్గర నిలబడి నవ్వుకుంటున్నారు. ఎవరూ దగ్గడం లేదు.

అప్పుడు నేను రాయదుర్గంలో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో హెచ్ఆర్ ఆపరేషన్స్ మేనేజర్‌ని. హోదా పేరు కొత్తదే గాని పని పాతదే. హాజరు, సెలవు, సర్వీసు రికార్డు. 1978 జూన్‌లో ఒక ప్రభుత్వరంగ కర్మాగారం టైమ్ ఆఫీసులో గుమాస్తాగా చేరి, అక్కడ ఇరవై మూడేళ్లు చేసి, స్వచ్ఛంద విరమణ తీసుకుని 2001లో ఈ కంపెనీకి వచ్చాను. ఆ బుధవారం నాటికి నా సర్వీసు ముప్పై మూడేళ్ల మూడు నెలలు. నా ఫైలులో ఒక్క మెమో లేదు. ఈ సంగతి గొప్ప కోసం చెప్పడం లేదు. తర్వాత జరిగినదాన్ని కొలవడానికి పనికొస్తుందని చెబుతున్నాను.

మెయిల్ పంపిన క్లయింటు విదేశంలోని ఒక బీమా సంస్థ. వాళ్ల క్లెయిముల సాఫ్ట్‌వేర్‌ను మా దగ్గర మూడు వందల పది మంది చూసేవారు. రోజూ ఎంతమంది వచ్చారు, ఎంతమంది రాలేదు, రానివాళ్లు ఏ కారణంతో రాలేదు అన్న పట్టిక మర్నాడు ఉదయం నేను వాళ్లకు పంపాలి. పేర్లు ఉండవు, అంకెలే ఉంటాయి. కారణాలు ఐదు. వాటికి కోడ్‌లు ఉంటాయి. 02 అంటే అనారోగ్యం. 05 అంటే ఇతరం. 02 నొక్కితే రెండు రోజుల వరకు సెలవు దానంతట అదే మంజూరవుతుంది. 05 నొక్కితే ఒక ఖాళీ గడి తెరుచుకుంటుంది. అందులో కారణం రాయాలి, పైవాళ్లు చదివి ఒప్పుకోవాలి.

2009 డిసెంబర్ తర్వాత నగరంలో బంద్‌లు, రాస్తారోకోలు మామూలయ్యాయి. బంద్ రోజు రాలేకపోయినవాళ్లు, రాదలచుకోనివాళ్లు అందరూ 02 నొక్కేవారు. ఎవరూ నేర్పలేదు. గడి నింపే పని తప్పుతుందని ఒకరు మొదలుపెట్టారు, అందరూ అలవాటు పడ్డారు. క్యాంటీన్‌లో దాన్ని బంద్ జ్వరం అనేవారు. "మేడం, రేపు నాకు జ్వరం రావాలె. ఇయ్యాలనే పెట్టుకోనా?" అని నన్నే అడిగినవాళ్లు ఉన్నారు. నేను కోప్పడ్డట్టు మొహం పెట్టి ఊరుకునేదాన్ని. పదీ ఇరవై మంది ఉన్నంతకాలం అది ఎవరికీ పట్టలేదు.

ఆ సెప్టెంబర్‌లో ప్రత్యేక తెలంగాణ కోసం సకల జనుల సమ్మె నడుస్తోంది. ఆర్టీసీ బస్సులు లేవు. 26వ తేదీ సోమవారం మా వైపు దారులు రెండు చోట్ల ఆగిపోయాయి. ఐటీ ఉద్యోగులు కొందరు బ్యానర్లు పట్టుకుని రోడ్డు పక్కన మానవహారంగా నిలబడ్డారు. ఆ రోజు మా మూడు వందల పదిమందిలో తొంభై నాలుగు మంది రాలేదు. ముందుగా సెలవు పెట్టుకున్న ఆరుగురిని తీసేస్తే ఎనభై ఎనిమిది. అందులో 02 నొక్కినవాళ్లు ఎనభై ఏడు. 05 నొక్కినవాళ్లు ఒక్కరు. మంగళవారం ఉదయం ఆ అంకెలను సరిచూసి, కూడిక తప్పు లేదని తృప్తిపడి పంపేశాను. ఒక ఆఫీసులో ఒకేరోజు ఎనభై ఏడు మంది జబ్బుపడ్డారని ఆ పట్టిక చెబుతోందని నాకు తోచలేదు. లెక్క సరిగ్గా ఉంటే రాత కూడా సరిగ్గా ఉన్నట్టేనని ముప్పై మూడేళ్లుగా అనుకుంటూ వచ్చాను.

బుధవారం పదకొండు గంటలకు శ్రీనివాస్ గారు పిలిచారు. ఆయన డెలివరీ హెడ్. అంటే ఆ క్లయింటుకు అందాల్సిన పనికంతటికీ జవాబుదారు. మనిషి మంచివాడు. కోస్తా నుంచి వచ్చి పన్నెండేళ్లయింది. భయపడ్డప్పుడు మాత్రం చాలా వేగంగా మాట్లాడతారు.

"అంటువ్యాధి ఏంటండీ, ఆండాళ్ గారూ? ఎవరికండీ?"

"ఎవరికీ లేదు. ఎనభై ఏడు మందికి ఒకేరోజు అనారోగ్యం అని మనమే పంపాం."

ఉన్న సంగతి చెప్పేద్దామా అని అడిగాను. ఆయన తల అడ్డంగా ఊపారు.

"జులైలో నేనే రాశానండీ, ఈ గొడవల ప్రభావం మన పని మీద సున్నా అని. ఇప్పుడు సగం ఆఫీసు రోడ్డు మీద నిలబడింది అని రాస్తే రేపే ఈ పనంతా పుణె పట్టుకుపోతారు. మూడు వందల పది కుటుంబాలండీ. జ్వరమే అందాం. సెప్టెంబరే కదా, ఊళ్లో వైరల్ జ్వరాలు లేవా ఏంటి?"

సగం ఆఫీసు కాదు, వందకు ఇరవై ఎనిమిది మంది అని సరిదిద్దాను. సరిదిద్దవలసింది అది కాదు. కానీ ఆ రోజు నా నోటి నుంచి వచ్చిన అభ్యంతరం అదొక్కటే.

జ్వరమేనని ఆ రోజే జవాబు పంపాం. క్లయింటు సర్టిఫికెట్లు అడిగారు. ఎనభై ఎనిమిది సెలవుల పూర్తి రికార్డు, గడిలో రాసిన కారణాలతో సహా, అడిగారు. శుక్రవారంలోగా డాక్టరు సర్టిఫికెట్ తెచ్చి ఇవ్వాలని ఎనభై ఏడు మందికి నేను నోటీసు పంపాను. శుక్రవారం సాయంత్రానికి ఎనభై ఐదు వచ్చాయి. వాటిని బల్ల మీద వరసగా పేర్చి చూసి నిర్ఘాంతపోయాను. యాభై తొమ్మిది ఒకే డాక్టరువి. ఆయన మియాపూర్ బస్ డిపో దగ్గర కూర్చుంటాడట. సీరియల్ నంబర్లు ఒకదాని వెంట ఒకటి వచ్చాయి, మధ్యలో ఒక్క అంకె పోలేదు. తొమ్మిది సర్టిఫికెట్ల మీద పంటి డాక్టరు ముద్ర ఉంది. ఒక సీనియర్ ఇంజనీరు, ఆరడుగుల మగవాడు, ప్రసూతి ఆస్పత్రి కాగితం మీద జ్వరం రాయించుకొచ్చాడు. ఇదేమిటి నాయనా అని అడిగితే, "మా వదిన ఆడ నర్సు మేడం. వేరే ప్యాడ్ దొరకలే" అన్నాడు, అదొక ఇబ్బందే కానట్టు. మిగిలిన ఇద్దరు మాత్రం జీతం కోసుకోండి గాని డాక్టరు దగ్గరికి పోమన్నారు.

నవ్వు రావలసిన చోటే. నాకు రాలేదు. అవన్నీ మంచి చదువులు చదివిన పిల్లలవి. వాళ్లను ఆ పనికి పంపింది నా సంతకంతో వెళ్లిన నోటీసు.

ఇక మిగిలింది ఎనభై ఎనిమిదో సెలవు. అది రజితది. గడిలో ఆమె ఇంగ్లిష్‌లో రాసిన దానికి అర్థం ఇది: తెలంగాణ కోసం జరిగిన ప్రదర్శనలో పాల్గొన్నాను, ఉదయం పది నుంచి సాయంత్రం నాలుగు వరకు. ఆమె టీం లీడర్ చదవకుండానే ఒప్పుకున్నట్టు నొక్కేశాడు.

రజితకు అప్పుడు ఇరవై నాలుగేళ్లు. జనగామ దగ్గరి ఊరు. తండ్రి మల్లయ్య మా పక్క బిల్డింగ్‌లో సెక్యూరిటీ గార్డు. మియాపూర్‌లో రెండు గదుల కిరాయి ఇంట్లో ఉండేవారు. ఆమె మా దగ్గర టెస్టర్. ఇతరులు రాసిన ప్రోగ్రాం ఎక్కడ తప్పుతుందో వెతికి పట్టుకోవడం టెస్టర్ పని. దొరికిన ప్రతి తప్పుకూ మూడు వాక్యాల నివేదిక రాయాలి. నేనేం చేశాను, ఏం జరగాలి, ఏం జరిగింది. అందులో సొంత అభిప్రాయం, సర్దుబాటు ఉండకూడదు. ఆమె నివేదికలు ఎవరూ వెనక్కి పంపేవారు కాదు. ఇరవై నెలలు కాంట్రాక్టు మీద చేసి ఏడాది ప్రొబేషన్‌లోకి వచ్చింది. అక్టోబర్ 10తో ఆ ఏడాది కూడా పూర్తవుతుంది. ఉద్యోగం ఖాయం చేసే కాగితం మీద రెండు సంతకాలు కావాలి. నాది అయింది. శ్రీనివాస్ గారిది కావాలి. ఆ గడి మారితే సంతకం పెడతాను, లేకపోతే క్లయింటుకు ఆ అమ్మాయిని ఏమని చూపించను అన్నారాయన.

శుక్రవారం మూడు గంటలకు రజితను నా గదికి పిలిచాను.

"ఏం మార్చాలె మేడం?"

"05 తీసి 02 పెట్టాలి. ఒక సర్టిఫికెట్ తెచ్చుకోవాలి. అంతేనమ్మా."

"నాకు జ్వరం రాలే."

"ఎవరికీ రాలేదు."

నవ్వింది. "గదే కద మేడం. ఎవ్వరికి రాలే. రాయనీకె మాత్రం నేనొక్కదాన్నే దొరికిన."

కాగితం సంగతి చెప్పాను. పదో తేదీ సంగతి చెప్పాను. ఆఫీసులో కొన్ని మాటలు పైకి ఒక రకంగా రాసుకోవాల్సి వస్తుందని, అది అబద్ధం కిందికి రాదని కూడా చెప్పాను. ఆమె విని, తలెత్తి, "మీరు మూసాపేటోళ్లే కద మేడం?" అని అడిగింది.

ఔనన్నాను.

"ఇంట్ల గూడ గిట్లనే మాట్లాడుతరా?"

ఆ కంపెనీలో నాకు పదేళ్లు. అంతకుముందు కర్మాగారంలో ఇరవై మూడేళ్లు. ఇంట్లో మేము ఏంది, ఎందుకట్ల అనే మాట్లాడుకుంటాం. గేటు దాటి లోపలికి వచ్చిన క్షణం నుంచి అండి, గారు అని మాట్లాడతాను. ఎప్పుడు మొదలైందో నాకే గుర్తులేదు. అంతవరకు నన్నెవరూ అడగలేదు. అది ఇక్కడ అప్రస్తుతం అన్నాను.

"మిమ్మల్ని అనుటానికి అడగలే మేడం. నా సంగతి చెప్పనీకె అడిగిన" అంది. "దగ్గర దగ్గర మూడేండ్లాయె ఈడ. ఫోన్ల క్లయింటుతోని ఒక తీరు మాట్లాడుత. టీం మీటింగ్‌ల ఇంకో తీరు. మా ఇంటి ఓనరుతోని ఇంకో తీరు. అందరు మెచ్చుకుంటరు. మొన్న సోమవారం నా చేతికి మైకిచ్చిన్రు. మూడు నిమిషాలు. మా అమ్మతోని మాట్లాడినట్టే మాట్లాడిన. నేనేందో నాకు ఆ దినమే ఎరుకైంది. ఇగ దానికి జ్వరమని రాస్తే, నేను ఆ దినం మంచంల పన్నట్టే గద?"

"ఉద్యోగం పోతే?"

"పోతె పరేషాన్ అయితది. బాపు ఫికర్ జేస్తడు. అయినా నేను రాసింది నేను దిద్ద."

మర్నాడు శనివారం. బంద్‌కు బదులు పనిదినం. మధ్యాహ్నం భోజనాల వేళ మల్లయ్య మా గేటు దగ్గర నా కోసం నిలబడి ఉన్నాడు. డ్యూటీ టోపీ చేతిలో పట్టుకున్నాడు.

"మేడం, జర ఒక మాట. నేను రజిత వాళ్ల బాపును. పిల్ల మొండిది. చిన్నప్పటి సంది గంతే. అన్నది అన్నట్టే ఉండాలంటది. మీరే ఏదన్న జేయుండ్రి."

ఆమె ఒప్పుకోవడం లేదన్నాను.

"దానికి ఎరుక లేకుంట చేస్తే గాదా? నౌకరి నిలబడితె సాలు. దినాం పన్నెండు గంటలు నిలబడి నిలబడి నా మోకాళ్లు పోయినయి. దాన్ని ఏసీల కూసుండబెట్టాలని సదివించిన."

చూస్తానన్నాను.

ఆ సాయంత్రం ఐదు గంటల యాభై రెండు నిమిషాలకు నా లాగిన్‌తో రజిత సెలవు రికార్డు తెరిచాను. ఉద్యోగి రికార్డును దిద్దే అధికారం ఆ ఆఫీసులో ముగ్గురికే ఉండేది. 05 తీసి 02 పెట్టాను. గడిలోని వాక్యం చెరిపాను. ఎందుకు మారుస్తున్నారని కంప్యూటరు అడిగింది. నమోదులో పొరపాటు సవరణ అని రాశాను. మొత్తం ఒక నిమిషం కూడా పట్టలేదు. తప్పు చేస్తున్నానన్న భావం ఆ నిమిషంలో నాకు కలగలేదు. ఒక పిల్ల ఉద్యోగం నిలబెట్టానని, ఒక తండ్రి మాట విన్నానని అనుకుంటూ ఇంటికి వెళ్లాను.

ఆగస్టులో ఆ సాఫ్ట్‌వేర్‌ను కొత్తగా మార్చారు. ఎవరి రికార్డును ఎవరు దిద్దినా ఆ ఉద్యోగికి దానంతట అదే మెయిల్ వెళ్తుంది. ఆ సంగతి చెప్పిన సూచనల కాగితాన్ని అందరికీ పంపింది నేనే.

అక్టోబర్ 3, సోమవారం, తొమ్మిది గంటల పది నిమిషాలకు రజిత నా గది తలుపు దగ్గర ఉంది. చేతిలో ఆ మెయిల్ ప్రింటు.

"ఇది మీరేనా మేడం?"

"నేనే."

"నన్ను అడిగిన్రా?"

"మీ నాన్న వచ్చి అడిగాడమ్మా."

ఆమె మొహం తెల్లబోయింది. తండ్రి సంగతి ఆమెకు తెలియదని నాకు అప్పుడు అర్థమైంది.

"బాపు అడుగుతడు. బాపుకు నా కడుపు నిండుడు ఎరుక, గంతే. రికార్డంటె ఏందో మీకు ఎరుక. మీరు చేయొద్దుండె మేడం."

అంతే అంది. గొంతు పెంచలేదు. నా బల్ల ముందు కూర్చుని, ఒక తెల్ల కాగితం అడిగి తీసుకుని రాసిచ్చింది. ఆ కాగితం నకలు నా దగ్గర ఉంది.

"చేసింది: సెప్టెంబర్ 26న సెలవు పెట్టి కారణం రాశాను. జరగాల్సింది: నేను రాసింది నేను రాసినట్టే ఉండాలి. జరిగింది: నన్ను అడగకుండా నా పేరు మీద వేరే కారణం రాశారు. కాబట్టి ఈ ఉద్యోగం మానుకుంటున్నాను."

ప్రొబేషన్‌లో ఉన్నవాళ్లకు నోటీసు గడువు పదిహేను రోజులు. ఆ లెక్కన ఆమె ఆఖరి రోజు అక్టోబర్ 18. ఆ సోమవారమే పదిన్నరకు, రాజీనామా సంగతి తెలియక, శ్రీనివాస్ గారు ఆమె ఉద్యోగం ఖాయం చేస్తూ సంతకం పెట్టి కాగితం నాకు పంపారు. రెండు కాగితాలూ నా బల్ల మీద పక్కపక్కన పెట్టుకుని ఏ ఫైలులో ఏది ముందు పెట్టాలో తెలియక చాలాసేపు కూర్చున్నాను.

అసలు దెబ్బ అక్టోబర్ 12, బుధవారం, మధ్యాహ్నం రెండున్నరకు తగిలింది. క్లయింటు వైపు నుంచి ఇద్దరు వీడియోలో కూర్చున్నారు. ఒకరు ఉద్యోగుల ఆరోగ్యం, భద్రత చూసే అధికారిణి. మరొకరు కాంట్రాక్టుల అధికారి. మా వైపు శ్రీనివాస్ గారు, నేను. ఆమె సర్టిఫికెట్లు చూపమని అడగలేదు. ఎనభై ఎనిమిది రికార్డుల మార్పుల చరిత్ర చూపమంది. ఏ రికార్డును ఎవరు, ఎప్పుడు, దేని నుంచి దేనికి మార్చారో అందులో ఉంటుంది. దాన్ని చెరపడం ఎవరి చేతిలోనూ లేదు.

ఎనభై ఏడింటిలో ఏ మార్పూ లేదు. అబద్ధాలు అబద్ధాలుగానే చెక్కు చెదరకుండా ఉన్నాయి. ఒక్కదానిలో మార్పు ఉంది. పాత కారణం, కొత్త కారణం, తేదీ, సమయం, పక్కన నా పేరు. ఆమె పాత కారణాన్ని పైకి చదివింది. తర్వాత, మీ ఉద్యోగి ఈ వాక్యం రాస్తే మీరెందుకు తీసేశారు అని అడిగింది.

నేనే తీసేశాను, ఆ అమ్మాయి ప్రమేయం ఏమీ లేదు అన్నాను. శ్రీనివాస్ గారు బల్ల వైపు చూస్తున్నారు.

అప్పుడు కాంట్రాక్టుల అధికారి నెమ్మదిగా అన్నాడు. మీ నగరంలో సమ్మె జరుగుతోందని మాకు పత్రికల్లో తెలుసు. మీరు చెబుతారని ఎదురుచూశాం. మన ఒప్పందంలో పదిహేడో క్లాజు ఉంది. ప్రజా ఆందోళనల వల్ల ఉద్యోగులు రాలేకపోతే అది మీ వైఫల్యం కింద లెక్కకు రాదు, వారం రోజుల్లో మాకు తెలియజేస్తే చాలు. కానీ ఒకేరోజు పదో వంతు మందికి మించి జబ్బుపడితే అది మీ వైఫల్యమే. మీరు దాన్ని చదివారా?

చదవలేదు. ఆ ఒప్పందం నకలు నా గదిలో, బీరువా రెండో అరలో ఉంది. ఆకుపచ్చ అట్ట. 2008లో అక్కడ పెట్టింది నేనే. ఏ నిజం చెబితే పని పోతుందని భయపడ్డామో, ఆ నిజానికి ఒప్పందంలో చోటుంది. మమ్మల్ని కాపాడగల రాతపూర్వకమైన ఆధారం ఆ రోజు రికార్డుల్లో ఒక్కటే ఉంది. దాన్ని నేను చెరిపేశాను.

అదే రోజు నాలుగు గంటల ఐదు నిమిషాలకు రజిత రికార్డును మొదట ఉన్నట్టే చేశాను. శ్రీనివాస్ గారు ఆమెను పిలిచి ఉండిపొమ్మని అడిగారు. క్షమించమని కూడా అడిగారు. "రికార్డు దిద్దినందుకు థాంక్స్ సార్. పోవుడైతే పోత" అని చెప్పిందట. 18వ తేదీ వరకు రోజూ వచ్చింది. ఆఖరి రోజు మధ్యాహ్నం కూడా ప్రోగ్రాంలో మూడు తప్పులు పట్టి, మూడింటికీ నివేదిక రాసి, గుర్తింపు కార్డు నా చేతికిచ్చి వెళ్లింది.

14వ తేదీన నేను మిగిలిన ఎనభై ఏడు మందికి ఇంకో మెయిల్ పంపాను. ముప్పై రోజులు దాటితే సెలవు రికార్డుకు తాళం పడుతుంది, ఆ తర్వాత ఎవరూ మార్చలేరు, కాబట్టి తమ కారణం సరిచేసుకోదలచినవాళ్లు 25వ తేదీలోగా సరిచేసుకోవచ్చు, ఎవరి మీదా చర్య ఉండదు అని రాశాను. ఒక్కరూ మార్చలేదు. ప్రసూతి ఆస్పత్రి సర్టిఫికెట్ తెచ్చిన ఇంజనీరు లిఫ్టులో కనబడి, "జ్వరం తగ్గింది మేడం. ఇగ యాది జేయకుండ్రి" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. రజిత వయసువాళ్లే అందరూ. వాళ్లలో మానవహారంలో నిలబడ్డవాళ్లు ఉన్నారని నాకు తెలుసు.

21వ తేదీన క్లయింటు ఉత్తరం వచ్చింది. సమ్మె గురించి, జ్వరం గురించి అందులో ఏమీ లేదు. సొంత ఉద్యోగి రాసిన కారణాన్ని కార్యాలయమే మార్చిన చోట మా పాలసీదారుల రికార్డులు ఉంచలేం అని ఉంది. ఆ రికార్డులతో నేరుగా పనిచేసే నలభై రెండు మంది పనిని డిసెంబర్ ఆఖరుకు వేరే కేంద్రానికి తీసుకెళ్లారు. శ్రీనివాస్ గారు భయపడ్డది కొంత జరిగింది, ఆయన అనుకున్న కారణంతో మాత్రం కాదు.

రజిత ఆ నవంబర్‌లో మూసాపేటలో ఒక చిన్న కంపెనీలో చేరింది. తొమ్మిది మంది పనిచేసే చోటు. ఆస్పత్రుల్లో రక్త పరీక్షల యంత్రాలకు సాఫ్ట్‌వేర్ రాస్తారు. ఇక్కడికంటే జీతం తక్కువ. ఈ సంగతి నాకు పక్క బిల్డింగ్ గార్డుల ద్వారా తెలిసింది. మల్లయ్య చెప్పలేదు. నేను కనబడితే లేచి నిలబడటం ఆయన మానలేదు. మాట్లాడటం మానేశాడు.

నేను 2012 మార్చి 31న పదవీ విరమణ చేశాను. సిబ్బంది విభాగంలో పనిచేసే చిన్నవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే వాళ్లకు నేను చెప్పగలిగింది ఇంతే. ఉద్యోగి తన చేత్తో రాసిన కారణం ఉద్యోగిది. దాన్ని ఒప్పుకోవచ్చు, తిరస్కరించవచ్చు, చర్య తీసుకోవచ్చు. దిద్దకూడదు, అతని మేలు కోసమైనా సరే. ఉన్నది చెబితే ఏమవుతుందో అని భయం వేస్తే, ముందు ఒప్పందం తీసి చదవాలి. జీవితంలో తానెవరో తెలుసుకున్నానని ఒక మనిషి చెప్పినప్పుడు దానికి మన దగ్గర కోడ్ లేకపోవచ్చు. అందుకే ఆ ఖాళీ గడి పెట్టారు.

పోయినవాటి లెక్క ఇది. క్లయింటు తీసుకెళ్లిన పని, నలభై రెండు మందిది. అందులో ఇరవై ఏడు మందికి వేరే ప్రాజెక్టులు దొరికాయి. పదిహేను మంది ఉద్యోగాలు పోయాయి. ఆ పదిహేను మందిలో ఎనిమిది మంది ఆ సమ్మె సోమవారం పనికి వచ్చినవాళ్లే. ఒక మంచి టెస్టర్ పోయింది. రికార్డులు దిద్దే నా అధికారం పోయింది. నా ఫైలులో మెమో లేదన్న మాట పోయింది. సెప్టెంబర్ 26, సోమవారం కూడా పోయింది. అక్టోబర్ 26న ఆ రికార్డులకు తాళం పడింది. ఆ ఎనభై ఏడు మందిలో ఎంతమంది రోడ్డు మీద నిలబడ్డారో, ఎంతమందికి బస్సు దొరకలేదో, ఎంతమందికి నిజంగానే ఒళ్లు కాలిందో ఇక ఎవరూ లెక్క తీయలేరు. కంపెనీ రికార్డు ప్రకారం ఆ రోజు ఎనభై ఏడు మందికి జ్వరం. ఒక్కరికి లేదు.